తిన్నది, కక్కింది, నేను దాచింది

కడుపుతోని ఉన్న పిల్ల వాంతులతోని అల్లాడుతుంటే “గిది ఏ ఆడదానికి కాదమ్మా” అని నవ్వేటోళ్ల చెంప మీద ఒకటి ఇయ్యాలె. ఆ లెక్కన మొదటి దెబ్బ నాకే పడాలె. ముప్పై ఏండ్లు కాన్పుల వార్డుల ఆయమ్మగ చేసిన. ఆ మాట ఎంతమందిని అన్ననో నాకే తెల్వదు.

ఇప్పుడు రిటైరై ఇంట్ల కూసున్న. మొన్న మా వాడకట్టుకు కొత్తగ వచ్చిన ఆశ వర్కర్ పిల్ల నా దగ్గరికి వచ్చి అడిగింది: “పెద్దమ్మా, వేవిళ్లకు గంజాయి మంచిదంట గదా? ఫోన్ల వీడియోల ఒకామె చెప్తుంది. ఆకే గదా, గోళీల కంటె నయమంటుంది. నిజమేనా?”

లేదు పో అని తిట్టి పంపియ్యొచ్చు. తిడితే నా ముందర తలకాయ ఊపి, పక్కింటికి పోయి ఫోన్ల మాటనే చెప్తది. అందుకని కూసోబెట్టి, నాకు తెలిసిన ఒక పిల్ల సంగతి మొత్తం చెప్పిన. ఆమెకు చెప్పిందే మీ కోసం రాస్తున్న. దవాఖానలల్ల కొత్తగ చేరిన ఆయమ్మలు, నర్సు పిల్లలు, ఆశలు చదువుండ్రి. ఏ ఊరి దవాఖానో రాయను, ఎవరి పేరూ రాయను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు దిక్కుల జనం వచ్చే దవాఖాన అనుకోండ్రి, చాలు. ఇందుల తప్పు దవాఖానది కాదు. నాది.

ముందుగాల నా చదువు గురించి ఒక మాట చెప్పాలె, లేకుంటే ఈ కథ మీకు అర్థం కాదు. నేను బడికి పోలే. నలభై రెండేండ్ల దాక వేలిముద్రనే. మా వార్డు సిస్టరమ్మకు అది మస్తు చిరాకు. “నువ్వు వేలు పెట్టినప్పుడల్ల రిజిస్టర్ల నాలుగు పేజీలకు సిరా అంటుతుంది. నీ వేలు తుడుసుడా, పేషెంట్లను చూసుడా నా పని?” అనేది. తిట్టుకుంటనే నేర్పింది. పాత కేసు షీట్ల వెనుక దిక్కు తెల్లగ ఉంటది గదా, దాని మీద. అందరు అమ్మ, ఆవు అని నేర్చుకుంటరు. నేను జ్వరం, సెలైన్, వాంతి అని నేర్చుకున్న. మూడేండ్లు పట్టింది. వచ్చినంక ఇగ నన్ను పట్టేటోళ్లు లేకుండె. బస్సు మీది బోర్డు, గోడ మీది రాత, సబ్బు కాగితం, కనపడిందల్ల చదువుడే. బిజినేపల్లికాడ బస్సు దిగాల్సింది ఒకసారి బోర్డులు చదువుకుంట ముందు ఊరికి పోయిన.

అప్పుడు సిస్టరమ్మ నాకు ఒక పొడుగు నోటుబుక్కు ఇచ్చింది. నడుమల గీత కొట్టి, ఎడమ దిక్కు “తిన్నది”, కుడి దిక్కు “కక్కింది” అని రాసి, “వాంతుల కేసులు వచ్చినప్పుడు ఇది నీ డ్యూటీ. ఏం తిన్నరు, ఎన్నిసార్లు కక్కిన్రు, టైం వేసి రాయి. డాక్టరమ్మ నీ బుక్కు చూసే మందు రాస్తది” అన్నది. నా బుక్కు చూసి డాక్టరమ్మ మందు రాస్తదంట! ఆ దినం నేను అన్నం తినలే, సంతోషంతోని.

ఆ పిల్ల వచ్చేటాల్లకు నా నౌకరి ఇంక ఏడాది కూడ లేదు. బుక్కులు నిండి నిండి పదో పదకొండో అయినయి. పిల్లకు ఇరవై రెండేండ్లు ఉంటయి. పుట్టిల్లు బీచుపల్లి బ్రిడ్జి దాటినంక గద్వాల దిక్కు. ఇచ్చింది నాగర్‌కర్నూల్ దిక్కు. రెండో కడుపు, మూడో నెల. మొదటిది ఐదో నెలల పోయిందంట. తల్లి వెంబడి వచ్చింది. భర్త కానిస్టేబుల్ పరీక్ష పాసై ట్రైనింగ్‌ల ఉండు, వారానికి ఒక్కసారే ఫోను.

పిల్ల మంచం మీద కూసునే తీరు చూస్తెనే తెలిసింది, ఇది మామూలు వేవిళ్లు కాదని. వాంతి తొట్టిని ఒడిల పెట్టుకొని దాని మీద తల వాల్చి ఉంటది. నీళ్లు తాగితే నీళ్లు, ఏం లేకపోతే పసుపు నీళ్లు. గాజులు మోచేతి దాక జారినయి. అంత చూసి కూడ నేనేమన్న? “మా కాలంల కక్కుకుంటనే నాట్లేసినం బిడ్డా, జర ఓపిక పట్టు” అన్న. సిస్టరమ్మ కూడ “మొదటిసారేం కాదు గదా, అంత భయమెందుకు” అన్నది. పిల్ల తల ఎత్తి మా ఇద్దరి దిక్కు చూసింది. మళ్ల తొట్టి మీద తల పెట్టుకుంది.

సెలైన్ ఎక్కించిన్రు, ఇంజెక్షన్లు ఇచ్చిన్రు. రెండు దినాలు నా బుక్కుల కుడి దిక్కే నిండింది. ఒక్క దినం పద్దెనిమిది సార్లు రాసిన.

మూడో దినం పగలు, అందరు అన్నాలకు పోయిన టైంల, నేను బెడ్‌షీటు మార్చనీకి పోయిన. తల్లి ఒక స్టీలు డబ్బి తీసి, అందుల నుంచి గచ్చకాయంత బెల్లం ఉండ పిల్ల నోట్ల పెడుతుంది. వాసన నా ముక్కుకు వచ్చింది. బెల్లం వాసన కాదు. మా తాత పోడు కాడ చిలుం పీల్చేటోడు, చిన్నప్పటి నుంచి ఎరికైన వాసనే.

“ఏందది?” అన్న.

“ఏం లేదక్కా, ఇంటి మందు.”

“నా ముక్కు ఇంక రిటైర్ కాలే. గంజాయి గదా?”

తల్లి డబ్బి మూత పెట్టి రెండు చేతులతోని నా చెయ్యి పట్టుకుంది. “సామి ఇచ్చిన ఆకు అక్కా. సరిహద్దు అవతల మఠం కాడ ప్రసాదంగ ఇస్తరు, మా తమ్ముడు తెచ్చిండు. ఇక్కడ భయపడి రెండు దినాలు పెట్టలే. ఇది నోట్ల పడితెనే పిల్లకు ఇంత జావ దిగుతది. నీ కాళ్లు మొక్కుత, ఎవరికి చెప్పకు. అల్లుడు పోలీసు ట్రైనింగ్‌ల ఉండు. పెండ్లాం దగ్గర గంజాయి దొరికిందని తెలిస్తే ఆయన నౌకరి పోతది, నా బిడ్డ కాపురం పోతది.”

నేను నిలబడి చూసిన. గంట తర్వాత పిల్ల లేచి కూసొని, గ్లాసు జావ తాగింది. కక్కలే! మూడు దినాల తర్వాత మొదటిసారి మొఖంల రక్తం కనపడింది. నన్ను చూసి జర నవ్వింది కూడ.

ఇప్పుడు మీరు అంటరు, గప్పుడే డాక్టరమ్మకు చెప్పాల్సింది అని. అంటరు, తెలుసు. నేను కండ్లార చూసిన గదా తగ్గింది. మా దిక్కు పాత కాలంల కడుపునొప్పికి, ఎద్దులకు కూడ ఆ ఆకు వేసేటోళ్లు. మందే అనుకున్న. పైగ ఒక పిల్ల కాపురం నా నోటి మీద ఉందంటే, నోరు మూసుకునుడే ధర్మం అనుకున్న. బుక్కు తీసి ఎడమ దిక్కు రాసిన: “జొన్నజావ, ఒక గ్లాసు, ఒంటిగంట.” కుడి దిక్కు సున్న చుట్టిన. బెల్లం ఉండ రాయలే. నలభై రెండేండ్లకు కష్టపడి నేర్చుకున్న అక్షరాలతోని నేను మొదటిసారి దాచిపెట్టింది గదే.

రెండు దినాలు గట్లనే సున్నలు చుట్టిన. డాక్టరమ్మ రౌండుకు వచ్చి బుక్కు తిప్పి చూసింది. “ఇంజెక్షన్ మంచిగ పట్టింది. అదే మందు గోళీలు రాస్త, ఇంటికి పోవచ్చు. ఆయమ్మా, బుక్కు శుభ్రంగ పెట్టినవ్” అని మెచ్చుకుంది. నేను తల దించుకున్న. సిగ్గుపడుతున్ననని అందరు నవ్విన్రు.

ఇరవై దినాలకు పిల్ల మళ్ల వచ్చింది. ఈసారి నడువలే, వీల్ చైర్ల తెచ్చిన్రు. దవడ ఎముకలు బయటికి వచ్చినయి. పెదవులు పలిగినయి. సెలైన్ పెట్టనీకి నరం దొరకక సిస్టరమ్మ రెండు చేతులు వెతికింది. నేను తల్లిని పక్కకు గుంజి “ఆ ఉండలు పెడుతున్నవా లేదా?” అన్న.

“పెడుతున్న. ఒకటికి రెండు, రెండుకు నాలుగు పెడుతున్న. ఇప్పుడు అది కూడ ఆపుతలేదు అక్కా” అని ఏడ్చింది.

ఈసారి ఒక కొత్త వింత ఉండె. పిల్ల అస్తమానం వేడినీళ్లు అడిగేది. “ఆయమ్మా, పొట్ట మీద పొయ్యి, వీపు మీద పొయ్యి. వేడి తాకినంతసేపు ఆగుతది” అనేది. స్నానాల గదిల పీట ఏసుకొని కూసుంటే గంట, గంటన్నర. బయటికి రాగానే మళ్ల మొదలు. వార్డు గీజరు చాలక గేటు ముందర చాయ్ హోటల్ చాచా దగ్గర నుంచి బకెట్లు తెచ్చేదాన్ని. “ఏందమ్మా, లోపల నువ్వు ఇంకో హోటల్ పెట్టినవా? నా బేరం పడగొడుతున్నవ్” అని నవ్వేటోడు. నవ్వుకుంటనే సగం దూరం తనే మోసుకొచ్చేటోడు. పిల్ల పొట్ట తోలు కాలి ఎర్రగ కమిలింది. గంత వేడి ఎట్ల ఓర్చుకుందో.

డాక్టరమ్మ పరేషాన్ అయింది. స్కానింగ్ చేయించింది, బిడ్డ బాగనే ఉంది. థైరాయిడ్ చూసింది, లివర్ చూసింది. మూత్రం పరీక్ష వచ్చినప్పుడల్ల మొఖం మాడ్చుకునేది. తినక తినక ఒంట్ల ఉన్న కొవ్వు కరిగి మూత్రంల పోతుందని సిస్టరమ్మ నాకు చెప్పింది. మొదటి దినమే డాక్టరమ్మ తల్లిని అడిగింది, “ఇంట్ల ఏమన్న నాటుమందు, ఆకుమందు ఇస్తున్నరా?” అని.

“దేవుని బొట్టు తప్ప ఏం లేదు మేడం.”

డాక్టరమ్మ నా దిక్కు కూడ చూసింది. నా చేతుల తొట్టి ఉండె. తొట్టి కడగనీకి పోయిన. పోవాల్సినంత తొందరేం లేకుండె.

నాలుగో దినం పొద్దుగాల రౌండుల డాక్టరమ్మ మంచం కాడనే నిలబడి చెప్పింది. “సాయంత్రం వరకు చూస్త. తిన్నది నిలబడకపోతే హైదరాబాద్ పెద్ద దవాఖానకు రాసిస్త. అక్కడ కూడ తగ్గకుంటే తల్లిని బతికించనీకి కడుపు తీసేయాల్సి వస్తది. భర్తను పిలిపియ్యుండ్రి, సంతకం కావాలె.” ఆమె కఠినంగ చెప్పలే. మెల్లగనే చెప్పింది. మెల్లగ చెప్తెనే ఎక్కువ భయం అయింది.

అందరు పోయినంక పిల్ల నా కొంగు పట్టుకుంది. గొంతుల మాట లేదు, గాలే ఉంది.

“ఇది కూడ పోతదా ఆయమ్మా?”

కొంగు ఇడిపించుకొని బయట వరండాలకు వచ్చిన. తల్లి బెంచీ మీద కూసొని స్టీలు డబ్బి మూత తీస్తుంది.

“ఇగ ఆపు. నేను డాక్టరమ్మకు చెప్తున్న” అన్న.

“ఏం చెప్తవ్?”

“ఉన్నది చెప్త.”

ఆమె లేచి నా తొవ్వకు అడ్డం నిలబడింది. “నిన్ను అక్క అన్న. కాళ్లు మొక్కిన. అల్లుడు ఇయ్యాలనో రేపో యూనిఫాం ఏసుకుంటడు. నువ్వు నోరు తెరిస్తే ఆయన నా బిడ్డను ఇడిసిపెడితే నువ్వు సాకుతవా?”

“నీ బిడ్డ బతికి ఉంటే గదా ఇడిసిపెట్టేది!” అన్న. బిరుసు మాటనే. నాకు నున్నగ మాట్లాడుడు రాదు.

“నీ నోట్ల మన్ను పడ! నీకు పిల్లలు లేరు, నీకేం తెలుసు తల్లి బాధ?”

అది నిజమే. నాకు పిల్లలు లేరు. ఆ మాట నాకు తాకాల్సిన కాడనే తాకింది. అయినా డబ్బి ఆమె చేతిల నుంచి గుంజుకున్న. ఆమె ఇడువలే, మూత ఆమె చేతిల, డబ్బి నా చేతిల. వరండా అంత చూస్తుంది. గట్లనే డాక్టరమ్మ గదిలకు పోయి, టేబుల్ మీద డబ్బి పెట్టి, పక్కన నా బుక్కు పెట్టి తలుపు మూసిన.

“మేడం, ఈ బుక్కు అబద్ధం. మొదటిసారి వచ్చినప్పుడు పిల్ల మీ ఇంజెక్షన్‌తోని తగ్గలే. దీంతోని తగ్గింది. ఇది గంజాయి. నాకు తెలుసు, నేను రాయలే.”

డాక్టరమ్మ ఒక ఉండ చేతిల పట్టుకొని వాసన చూసింది. తర్వాత అడిగింది ఏంది తెలుసా? నన్ను తిడతదనుకున్న, తిట్టలే. “ఆ పిల్ల వేడినీళ్లు బాగ పోసుకుంటుందా?” అని అడిగింది.

“గంటలు గంటలు మేడం. చాయ్ హోటల్ నుంచి మోస్తున్న.”

“నాకెవరు చెప్పలేదేం?”

వేడినీళ్లు “తిన్నది” కిందికి రావు, “కక్కింది” కిందికి రావు. అందుకే బుక్కుల లేవు. ఆమె కుర్చీల వెనక్కి ఒరిగి నెత్తి పట్టుకుంది. అప్పుడు తిట్టింది. మస్తు తిట్టింది. మూడు దినాల నుంచి ఎన్ని పరీక్షలు చేసిననో తెలుసా, ఎంత రక్తం తీసిననో తెలుసా, ఆ పిల్ల ఒంట్ల తీయనీకి రక్తమే లేదు అన్నది. నేను నిలబడి మాటలు పడ్డ. పడాల్సిందే.

తిట్టుడు అయినంక నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. గంజాయి మొదట వాంతి ఆపుతది, అది నిజమే. రోజూ శానా దినాలు తింటే కొందరికి అదే వాంతులు తెస్తది. వాటికి వేడినీళ్లు పోసుకుంటెనే హాయి అనిపిస్తది, అది ఒక గుర్తు. వాళ్లేమో వాంతికి మందు అనుకొని ఇంకా ఎక్కువ తింటరు. “అదేనో కాదో ఇప్పుడే చెప్పలేను. ఆపి చూస్తెనే తెలుస్తది” అన్నది.

“మేడం, పోలీసు కేసు అయితదా?”

“నేను డాక్టర్ను ఆయమ్మా, పోలీసును కాదు. పిల్ల చెప్పేది నాకు మందు ఇయ్యనీకి, ఊరంత చెప్పనీకి కాదు. ఈ ముచ్చట ఈ గది దాటదు.”

ఈ ఒక్క మాట తెలియక గదా మేమందరం ఆ పిల్లను చావు దాక తెచ్చింది!

డాక్టరమ్మ వార్డుకు వచ్చి, తల్లిని బయట ఉండమని, మంచం మీద పిల్ల పక్కనే కూసుంది. పెద్ద డాక్టరమ్మ పేషెంటు మంచం మీద కూసునుడు నేను ముప్పై ఏండ్లల్ల చూడలే. “నిన్ను తిట్టనీకి రాలే. ఎప్పటి నుంచి తింటున్నవ్, ఎంత తింటున్నవ్, నిజం చెప్పు. నిజం చెప్తే నీ బిడ్డను కాపాడనీకి ఒక తొవ్వ ఉంది” అన్నది.

పిల్ల మెల్లమెల్లగ చెప్పింది. మొదటి కడుపప్పుడు కూడ గిట్లనే వాంతులు. దవాఖానకు పోతే అందరికి అయ్యేదే అని పంపిన్రు. అప్పుడు అమ్మ ఇచ్చింది, తగ్గింది. ఆ కడుపు పోయినంక నిద్ర పట్టకుండె, కండ్లు మూస్తే అదే యాదికొచ్చేది. అందుకని రోజూ ఒకటి తినుడు అలవాటైంది. ఏడాది దాటింది. ఇది కడుపుల పడినంక ఇంకా పెంచింది.

“నేను చెడ్డదాన్ని కాదు మేడం. బాధైతుందని ఎవరికి చెప్పినా నవ్విన్రు. ఇది తింటే తగ్గింది.”

నేను, సిస్టరమ్మ ఒకరి మొఖం ఒకరం చూసుకోలే. ఇద్దరం కిటికీ దిక్కు చూసినం.

“మొదటిది ఇందుకే పోయిందా మేడం?” అని అడిగింది పిల్ల.

“తెల్వదు తల్లీ. ఎవరు చెప్పలేరు. తెల్వనిదాన్ని నీ మీద ఏసుకోకు. ఇప్పటి సంగతి చూద్దాం. దీంతోని బిడ్డ బరువు తక్కువ పుట్టొచ్చు, నెలలు నిండకముందే రావొచ్చు. అందుకని ఇయ్యాల్టి నుంచి ఒక్క ఉండ కూడ వద్దు. నీ వాంతులకు నేను వేరే మందు ఇస్త. తగ్గేదాక నిన్ను పంపను, నవ్వను.”

హైదరాబాద్ కాగితం ఆ సాయంత్రం రాయలే. ఒక దినం ఆగుదామన్నది. తెల్లారి మూత్రం పరీక్ష జర మెరుగైందని ఇంకో దినం ఆగింది. ముందు విటమిన్ సూది, తర్వాతనే గ్లూకోజు, వాంతులకు వేరే ఇంజెక్షన్ టైం ప్రకారం. గదైతే కాగితం మీద రాసినంత సులువుగ జరగలే. ఉండలు ఆపిన రెండో దినం పిల్లకు చెమటలు, వణుకుడు, కోపం. స్టీలు గ్లాసు నా మీదికి ఇసిరింది. తగలలే గని తగిలినా ఏమనకపోదును. “ఒక్కటి ఇయ్యి ఆయమ్మా, ఒక్కటే” అని ఏడ్చింది. తల్లి వరండాల నుంచి నన్ను చూసి శాపాలు పెట్టేది. నేను డ్యూటీ దిగినంక కూడ ఇంటికి పోక ఆ మంచం కాడనే కూసున్న. నేను పోతే తల్లి మనసు కరుగుతదేమోనని నా భయం.

మూడో దినం పదకొండు వాంతులు రాసిన. నాలుగో దినం ఆరు. ఐదో దినం రెండు. వేడినీళ్లు అడుగుడు కూడ బందయింది. హోటల్ చాచా గేటు కాడికి వచ్చి “ఏమైందమ్మా, నీళ్లకు వస్తలేవు, పిల్ల బాగుందా?” అని అడిగిండు.

ఆరో దినం పొద్దుగాల పిల్ల నన్ను పిలిచింది. “ఆయమ్మా, జొన్నరొట్టె వాసన ఎక్కడి నుంచి వస్తుంది?”

పక్క మంచం పిల్లకు తోడొచ్చిన ముసలామె డబ్బి ఇప్పింది. రొట్టె, పచ్చిపులుసు. నేను అడిగితే సగం రొట్టె తుంచి ఇచ్చింది. డాక్టరమ్మ మెత్తటి తిండి పెట్టమన్నది, నాకు తెలుసు. పులుసుల నానబెట్టి మెత్తగ చేసిన. నాలుగు బుక్కలు తిన్నది. గంట కూసున్న పక్కన, తొట్టి చేతిల పట్టుకొని. గంటకు తొట్టి పక్కన పెట్టిన. సిస్టరమ్మ వచ్చి “ఏందే, ఎందుకు ఏడుస్తున్నవ్?” అంటే, “పచ్చిపులుసుల కారం ఎక్కువైంది” అన్న. “తిన్నది నువ్వు కాదు గదా” అన్నది. ఆమె కండ్లు కూడ అంత బాగలేవు ఆ దినం.

ఆదివారం నాడు భర్త వచ్చిండు. నెత్తి సగం గొరిగిన పోలీసు కటింగు, బక్క మనిషి. తల్లి భయంతోని గోడకు అతుక్కుంది. పిల్లనే చెప్పింది ఆయనకు, ఎవరు చెప్పకముందే. నేను కర్టెను అవతల ఉన్న. విన్ననని ఒప్పుకుంటున్న.

తర్వాత ఆయన గొంతు: “నాకింకా లాఠీ కూడ ఇయ్యలేదే. అప్పుడే గంత భయమా నేనంటే?” అన్నడు. నవ్వబోయి ఆపిండు. “ఫోన్ల అడిగినప్పుడల్ల మంచిగున్న అన్నవ్ గదా. నాకెందుకు చెప్పలే?”

“చెప్తే ఇడిసిపెడతవని అమ్మ అన్నది.”

ఆయన లేచి వరండాలకు పోయిండు. అత్త ముందర నిలబడి, “అత్తా, ఇగ అది మన ఇంట్లకు రావొద్దు. మీ తమ్మునికి చెప్పు” అన్నడు. గంతే. తిట్టలే, అరవలే. తల్లి ఆయన పోయేదాక గోడకే నిలబడి, తర్వాత గక్కడనే కింద కూసుంది. ఇన్ని నెలలు దేని కోసమైతే బిడ్డ నోట్ల ఉండలు పెట్టి మూత బిగించిందో, ఆ భయం రెండు మాటలల్ల అయిపోయింది. నేను నీళ్లు ఇయ్యబోతే మొఖం తిప్పుకుంది.

వాంతులు మొత్తం పోయినయని రాస్తే మళ్ల అబద్ధం రాసినట్టయితది. పోలే. అసలు వేవిళ్లు కూడ ఉండె ఆ పిల్లకు, నిజం వేవిళ్లు. ఏడో నెల దాక దినాం ఒకటో రెండో అయినయి, మందు వేసుకుంటనే ఉంది. కాకుంటే తిన్నదాంట్ల ఎక్కువ కడుపుల నిలబడింది. ఫోన్ల చెప్పేటామెకు ఈ సంగతి తెలిసి ఉండదు. ఆమెకు మొదటి వారం తెలుసు, నేను మిగిలిన నెలలు చూసిన. మీ దగ్గరికి గిట్ల తిన్న పిల్ల వస్తే దొంగను చూసినట్టు చూడకుండ్రి. ఎందుకు తిన్నదో అడుగుండ్రి. విన్నది డాక్టరుకు చెప్పుండ్రి. వాంతి అంటే నవ్వకుండ్రి. నాకు తెలిసిన వైద్యం ఇంతే.

ఆమెకు తొమ్మిదో నెల రాకముందే నేను రిటైరైన. శాలువ కప్పిన్రు, ఫోటో దిగినం. డాక్టరమ్మ మాట్లాడుకుంట “ఆయమ్మ బుక్కు” అని ఏదో అనబోయి ఆగి, నన్ను చూసి నవ్వింది. తర్వాత ఆ పిల్ల కబురు లేదు. తల్లి నెంబరు నా దగ్గర ఉండె గని చెయ్యనీకి మొఖం లేకుండె. ఆమె పెట్టిన శాపాలు ఆమె వాపసు తీసుకోలే, నేను అడగలే.

ఒకనాడు పొద్దుగాల అంగట్ల చిక్కుడుకాయ బేరం చేస్తున్న. ఫోన్ మోగింది. నెంబరు చూడకుండనే ఎత్తి “ఎవరు?” అన్న. మాట లేదు. ఇంకోసారి “ఎవరమ్మా?” అన్న. అప్పుడు వినపడింది. పసిగుడ్డు ఏడుపు. సన్నగ, కోపంగ, ఊపిరి గుక్కపట్టి మళ్ల మొదటి నుంచి. ఎవరో ఫోన్ దాని మూతి కాడ పెట్టి పట్టుకున్నరు.

జరసేపటికి తల్లి గొంతు వచ్చింది.

“విన్నవా?”

“విన్న.”

“ఆడపిల్ల. రెండు కిలోల చిల్లర. జర తక్కువే గని ఊపిరి మంచిగుందన్నరు. పాలు గుంజుతుంది.”

“నీ బిడ్డ ఎట్లుంది?”

“తింటుంది” అన్నది, ఫోన్ పెట్టేసింది.

నేను గట్లనే నిలబడ్డ. చిక్కుడుకాయలామె సంచిల కాయలు పోసి, నేను మొదలు పెట్టిన బేరం కోసం చూస్తుంది. అడిగినంత ఆమె చేతిల పెట్టిన.

“ఏందవ్వా, ఇయ్యాల బేరం చెయ్యవా?” అన్నది.

“ఇయ్యాల చెయ్య” అన్న.